నాలుగో నంబరు ఆత్మవిశ్వాసం

నా పాదం నాలుగో నంబరు. మా సంస్థ పాదం ఏడో నంబరు. ఈ సంబంధం కుదిరి ముప్ఫై మూడేళ్ళయింది. ఏ సంస్థ అని అడక్కండి. కరెంటు సంస్థ, అంతవరకే. రేపు నా పెన్షన్ కాగితాలు అక్కడే కదలాలి.

ఏఈగా చేరిన వారానికి స్టోర్స్‌లో సేఫ్టీ బూట్లు ఇచ్చారు. ఉన్నవాటిలో అతి చిన్నది ఏడు. స్టోర్‌కీపర్ దయగలవాడు. "రెండు జతల మేజోళ్ళు వేసుకుని, ముందర పాత గుడ్డ కుక్కండి మేడమ్, బిగిసిపోతుంది" అన్నాడు. ఉద్యోగంలో నాకందిన మొదటి సాంకేతిక సలహా అదే. అలా గుడ్డలు కుక్కుకుని 132 కేవీ స్విచ్‌యార్డులో, కంకర మీద, ఐసోలేటర్ నుంచి బ్రేకర్ దాకా, బ్రేకర్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచాను. నడిచాను అనడం మర్యాదకి. అడుగేస్తే నేను ముందుండేదాన్ని, బూటు వెనకుండేది. పెళ్ళిపీటల మీదికి నడిపిస్తున్న పెళ్ళికూతురిలా తలవంచుకుని కాళ్ళకేసి చూసుకుంటూ వెళ్ళేదాన్ని. లైన్‌మెన్లు మర్యాదస్తులు. పక్కకి తిరిగి నవ్వుకునేవారు.

ఏడాది తిరిగేసరికి నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో కాన్ఫిడెన్స్ లేదని రాశారు. "విషయ పరిజ్ఞానము కలదు. ఫీల్డులో నడకయందు తడబాటు. ఆత్మవిశ్వాసము కొరవడినది." ఆ రోజుల్లో మంచిమాటలైతే రహస్యంగానే ఉంచేవారు గాని, ఇలాంటివి కాపీ తీసి మరీ చేతికిచ్చేవారు. పెద్దవాళ్ళు రాసిందని నేనూ నమ్మేశాను. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి ఆత్మవిశ్వాసం ఎక్కడ కొరవడిందో వెతుక్కున్నాను. మా ఇంట్లో అద్దం నడుం దాకానే ఉండేది.

మా ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి ఒక సూపరింటెండెంటు ఉండేది. అందరం పెద్దమ్మగారనేవాళ్ళం. ఇంజనీరు కాదు. వోల్టుకి, ఆంపియరుకి తేడా ఆవిడకి తెలీదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. కళ్ళజోడుకి దారం, సొరుగులో వక్కపొడి, బీరువాలో ముప్ఫై ఏళ్ళ జీవోలు. నా కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చదివి, నా మొహం చూడకుండా బల్ల కిందికి వంగి చూసింది.

"ఏవమ్మాయ్, నీ బూటు సైజెంత?"

చెప్పాను. "అర్జీ రాయి" అంది. రాశాను: మహిళా ఉద్యోగినులకు తగిన సైజు పాదరక్షలు ఇప్పించవలసిందిగా ప్రార్థన. ఎర్రసిరా పెన్ను తీసింది. "మహిళ అన్నావంటే ఫైలు సంక్షేమానికి పోతుంది. అక్కడ పడుకుంటే నీ రిటైర్‌మెంటుకి లేస్తుంది. కొట్టెయ్. ప్రార్థనేవిటి, అది గుళ్ళో చేసుకో." ఆ తర్వాత తనే చెప్పి రాయించింది: సరిపడని పాదరక్షలతో సిబ్బంది 132 కేవీ యార్డులో తిరుగుచున్నందున, ప్రమాదము సంభవించినచో బాధ్యత ఏ అధికారిదో తెలియజేయగలరు. కింద ఒక్క ముక్క. కాపీ: ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు గారికి.

తొమ్మిదో రోజుకి నాలుగో నంబరు బూట్లొచ్చాయి. తర్వాతి ఏడాది రిపోర్టులో "ఆత్మవిశ్వాసము గణనీయముగా పెరిగినది" అని రాశారు. రాసింది అదే అధికారి. నేను చేసిందల్లా తాళ్ళు కట్టుకోవడం.

ఈ కథ మొన్న మార్చి ఎనిమిదిన చెప్పబోయాను. మహిళా ఇంజనీర్లకి మెంటరింగ్, ఆత్మవిశ్వాస శిబిరం అన్నారు. సర్కిల్లోకెల్లా సీనియర్ని నేనే కాబట్టి వేదిక మీద కూర్చోబెట్టారు. మాట్లాడ్డానికి నాలుగు నిమిషాలిచ్చారు, ముఖ్య అతిథి గారు అవి కూడా వాడుకున్నారు. ఆయన ప్రసంగం నలభై అయిదు నిమిషాలు సాగింది. ఆడవాళ్ళు మొహమాటం వదిలి నోరు విప్పాలన్నది అందులో సారాంశం.

ముందుగా "మహిళా మెంటరింగ్ సెల్" ప్రారంభోత్సవం జరిగింది. మా కాంపౌండులోనే, సబ్‌స్టేషను కంట్రోల్ రూముకి పక్కన కొత్త గది. యాభై మంది గాని, అంతకన్నా ఎక్కువ గాని పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాలని 2017లో ప్రసూతి చట్టానికి సవరణ వచ్చినప్పుడు ఆ గదికి ప్లాన్ గీశారు. గోడలు లేచేసరికి పసివాళ్ళు హైస్కూల్లో ఉన్నారు. ఖాళీగా ఎందుకని మాకిచ్చారు. శిలాఫలకం మీద నలుగురి పేర్లున్నాయి, నలుగురూ మగవాళ్ళే. కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. రిబ్బను కత్తిరించాక గదికి తాళం వేసి, తాళంచెవి భద్రంగా ఉండాలని సెక్యూరిటీ దగ్గర పెట్టారు.

తర్వాత శిక్షకుడు వచ్చాడు. కుర్రాడు, మెడలో మైకు. మమ్మల్నందర్నీ లేపి, కాళ్ళు ఎడం చేసి, నడుం మీద చేతులు పెట్టి, గడ్డం ఎత్తి రెండు నిమిషాలు నిలబడమన్నాడు. దీన్ని పవర్ పోజ్ అంటారట. ఇలా నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారి ధైర్యం పుడుతుందట. నలభై మందిమి నిలబడ్డాం. మా ఊళ్ళో ఈ భంగిమకి వేరే పేరుంది, ఆలస్యంగా లేచిన కోడలి కోసం గుమ్మంలో నిలబడ్డ అత్తగారని. దాంతో ధైర్యం పుట్టే మాట నిజమైతే ఆంధ్ర, తెలంగాణల్లో ఈపాటికి ప్రతి అత్తగారూ చీఫ్ ఇంజనీరై ఉండాలి. ఇంకో సంగతి ఆ కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. 2010లో ఆ పరిశోధన పత్రం రాసిన ముగ్గురిలో మొదటి పేరు డానా కార్నీది. ఆవిడే 2016లో, ఆ ఫలితాలు నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా రాసింది. మందు తయారుచేసినావిడే సీసా పారబోసింది. మన దగ్గర సీసాలు ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నాయి.

తర్వాతి అంశం ఇంపోస్టర్ సిండ్రోమ్. "మీలో ఎంతమందికి మీరీ సీటుకి తగరని అనిపిస్తుంది?" అని చేతులెత్తమన్నాడు. కొత్తగా వచ్చిన ఏఈలు బిడియంగా ఎత్తారు. "చూశారా, అది మీలోని జబ్బు" అన్నాడు ఎంతో ప్రేమగా. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు దీని గురించి రాసినప్పుడు సిండ్రోమ్ అనలేదు, ఫినామినన్ అన్నారు. అంటే ఇలా ఒకటి జరుగుతోంది, చూడండి అని. జరుగుతున్నదాన్ని జబ్బు చేస్తే తప్ప మందు అమ్మడానికి వీలుండదు. చెయ్యెత్తిన పిల్లల్లో ఒకమ్మాయిని ముందురోజు కాంట్రాక్టరు, "ఏఈ గారు లేరా అమ్మా?" అని అడిగాడు. ఆమె టేబుల్ మీద ఏఈ అని బోర్డుంది, బోర్డు వెనకాల ఆమే ఉంది. ఈ సీటుకి తగనని ఆ పిల్లకి అనిపించడం జబ్బయితే, ఆ కాంట్రాక్టరుకి ఉన్నదాన్నేమనాలి? అతన్ని ఏ శిబిరానికీ పిలవరు. అతనికి బిల్లు పాసవుతుంది.

రోగం మేనత్తది, పథ్యం మేనకోడలికి.

నా మాట నమ్మకపోతే జెనిఫర్ సంగతి వినండి. 2012లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక దరఖాస్తు తయారుచేశారు. ల్యాబ్ మేనేజర్ ఉద్యోగానికి. దాన్నే 127 మంది సైన్స్ ప్రొఫెసర్లకి పంపారు, కొందరికి జాన్ అన్న పేరుతో, కొందరికి జెనిఫర్ అన్న పేరుతో. అక్షరం తేడా లేదు. జాన్ సమర్థుడన్నారు, ఏడాదికి సగటున 30,238 డాలర్లు ఇవ్వొచ్చన్నారు. జెనిఫర్‌కి 26,508 చాలన్నారు. ఆడ ప్రొఫెసర్లూ అలాగే బేరమాడారు, మనలో మనకి దాపరికం ఎందుకు.

ఇప్పుడు ఆ కుర్రాణ్ణి నేనడగాలనుకున్న ప్రశ్న ఇదీ. జెనిఫర్‌కి ఆత్మవిశ్వాసం తక్కువైందా? భుజాలు వంచుకుని కూర్చుందా? గొంతు వణికిందా? జీతం అడగడానికి మొహమాటపడిందా? అసలు జెనిఫర్ అనే మనిషే లేదు కదా నాయనా! కాగితం మీద పేరు తప్ప కాళ్ళూ చేతులూ లేని పిల్లని ఏ భంగిమలో నిలబెడతావు?

ఈ సందర్భంలో నాకు అయ్యలసోమయాజుల లలిత గుర్తొస్తారు. తెలుగావిడ, నాలాగే ఎలక్ట్రికల్. పదిహేనో ఏట పెళ్ళి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, చేతిలో నెలల పిల్ల. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి 1943లో చదువు పూర్తిచేశారు. తర్వాత కలకత్తాలో ఉద్యోగం, భాక్రా నంగల్ జనరేటర్ల పని. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్ళొచ్చారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ వితంతువు ఆత్మవిశ్వాసం ఎంత ఉండేదో కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. ఉన్నదేమిటంటే, తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయన వెళ్ళి ప్రిన్సిపాల్ చాకో గారితో మాట్లాడారు, చాకో గారు సీటు ఇచ్చారు. ఆమె వెనకే లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. ఆ త్రేసియాయే తర్వాత కేరళలో చీఫ్ ఇంజనీరయ్యారు. ఒకరు గది లోపలుండి గడియ తీస్తే ముగ్గురు లోపలికొచ్చారు.

నాకు మరీ ఇష్టమైన ముక్క వాళ్ళ పట్టాల సంగతి. అందులో ముందే "అతడు" అని అచ్చయి ఉంది. దాన్ని కొట్టేసి చేత్తో "ఆమె" అని రాసిచ్చారు. తప్పు కాగితంలో ఉందని 1940ల్లోనే మద్రాసులో ఎవరో గుమాస్తాకి తోచింది. మా శిక్షకుడైతే ఆ ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి, "అతడు అన్న పదం చూసినప్పుడు మీకు కలిగే న్యూనతాభావాన్ని ఎలా జయించాలి?" అని స్లైడు వేసుండేవాడు.

అందరికీ చాకో గారు దొరకరు. 1933లో కమలా భాగవత్, తర్వాత కమలా సొహొనీ, బెంగుళూరు సైన్సు సంస్థకి వెళితే డైరెక్టరు సి.వి. రామన్ ఆడపిల్లని చేర్చుకోనన్నాడు. నోబెల్ వచ్చి మూడేళ్ళయింది ఆయనకి. ఆమె వదలకపోతే షరతులు పెట్టాడు. ఏడాది పాటు ప్రొబేషను, పైగా అక్కడి మగ పరిశోధకుల ఏకాగ్రత ఆమె వల్ల చెడకూడదు. చూడండి మరి, ఏకాగ్రత నిలవనిది వాళ్ళకి, షరతు ఈమెకి. పరాయి ఆడపిల్ల ఎదురుబల్ల దగ్గర కూర్చుంటే పరీక్షనాళిక జారిపోయే మహానుభావుల కోసం ఆనాడే ఒక ఆత్మవిశ్వాస శిబిరం పెట్టి ఉంటే భారతీయ విజ్ఞానశాస్త్రం ఎంత ముందుకెళ్ళేదో. ఆమె 1939లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ పట్టుకుని వచ్చింది. అదే రామన్ దగ్గర పరిశోధన చేసిన అన్నా మణి అయిదు పత్రాలు రాసినా, ఎమ్మెస్సీ లేదన్న కారణంతో విశ్వవిద్యాలయం ఆవిడకి పీహెచ్‌డీ ఇవ్వలేదు. ఆవిడకి అవసరమైంది ఒక గుమాస్తా. నిబంధన ఏ పేరాలో వంగుతుందో తెలిసిన మా పెద్దమ్మగారి లాంటి గుమాస్తా.

గుమాస్తాలంటే ఇంకోటి చెప్పాలి. 2014లో మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరిన రోజున ఒక ఫోటో దేశమంతా తిరిగింది. పట్టుచీరలు, తలలో పూలు, నవ్వుతూ ఒకరినొకరు అభినందించుకుంటున్న ఇస్రో స్త్రీలు. మా ఇంటి వాట్సాప్ గ్రూపులోనే పదకొండుసార్లు వచ్చింది, "పూలు పెట్టుకుని రాకెట్లు పంపిన మన ఆడపడుచులు" అంటూ. తర్వాత ఇస్రో చెప్పింది, ఆ ఫోటోలో వాళ్ళు పరిపాలనా విభాగం ఉద్యోగులని. ఆ ప్రయోగంలో పనిచేసిన శాస్త్రవేత్తలైన స్త్రీలు వేరే ఉన్నారు. రీతూ కరిధాల్, నందినీ హరినాథ్ లాంటి వాళ్ళు. ఫోటో పంపినవాళ్ళకి ఈ సంగతి చెబితే మొహాలు చిన్నబోయాయి. శాస్త్రవేత్తలెవరో చూద్దామని ఒక్కరూ వెతకలేదు. పరిపాలనా విభాగం వాళ్ళని ఒక్కరూ మళ్ళీ మెచ్చుకోలేదు. నాకు మాత్రం ఆ ఫోటో మీద గౌరవం అప్పుడే పెరిగింది. అంగారకుడికి పోయే యంత్రానికైనా ఇండెంటు ఎవరో ఒకరు పెట్టాలి, ఫైలు ఎవరో ఒకరు కదపాలి.

మన దేశంలో సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల డిగ్రీల్లో నూటికి 43 మంది అమ్మాయిలని ప్రభుత్వమే ఛాతీ విరుచుకుని చెబుతుంది. 2018 నాటి ప్రభుత్వ లెక్కలోనే పరిశోధన పనిలో ఉన్నవాళ్ళలో ఆడవాళ్ళు 16.6 శాతం. మధ్యలో జారిపోయినవాళ్ళంతా ఆత్మవిశ్వాసం ఎక్కడో పారేసుకుని వెతుక్కోవడానికి వెళ్ళారని మా ముఖ్య అతిథి గారి ఉద్దేశం. పెళ్ళి, బదిలీ, రాత్రి ఏడుకి గేటు మూసే హాస్టలు, తొమ్మిది దాకా తెరిచుండే ల్యాబు, ఈ మాటలేవీ ఆయన నలభై అయిదు నిమిషాల్లో పట్టలేదు. శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పుట్టింది 1942లో. దానికి డైరెక్టర్ జనరల్‌గా మొదటిసారి ఒక స్త్రీ, కలైసెల్వి, వచ్చింది 2022లో. ఎనభై ఏళ్ళు! ఇస్రో ఛైర్మన్ కుర్చీకి ఆ ముచ్చట ఇంకా తీరలేదు.

మెంటరింగ్ దండగ అంటున్నానని అనుకోకండి. నేనే దాని వల్ల బతికి బట్టకట్టాను. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్‌లో కొత్తగా చేరిన నూట యాభై మంది అమ్మాయిల మీద ఒక అధ్యయనం జరిగింది, 2017లో అచ్చయింది. కొందరికి సీనియర్ అమ్మాయిని తోడిచ్చారు, కొందరికి సీనియర్ అబ్బాయిని, కొందరికి ఎవర్నీ ఇవ్వలేదు. సీనియర్ అక్క దొరికినవాళ్ళలో మొదటి ఏడాది ముగిసేసరికి ఒక్కతె కూడా ఇంజనీరింగ్ వదల్లేదు. మార్కుల్లో తేడా ఏమీ లేదు. ఇక్కడ నాకూ చోటుందన్న భావన మాత్రం చెక్కుచెదరలేదు. ఆ అక్కలు ముఖ్య అతిథులు కారు. రెండేళ్ళు పెద్దవాళ్ళు, అంతే. ఏ క్లాసులో ఏ మూల కూర్చుంటే ఏం జరుగుతుందో నిన్నే అనుభవించి వచ్చినవాళ్ళు.

ఇదంతా మా పోర్టల్లో పట్టదు. శిబిరం అయిన వారానికి నా పేరుమీద ఒక మెంటీని కేటాయించారు, కొత్త ఏఈ. నెలకి నాలుగు గంటలు మెంటరింగ్ చేసి, ఆన్‌లైన్‌లో నమోదు చెయ్యాలి. విషయం రాసుకునే వీల్లేదు, జాబితాలోంచి ఎంచుకోవాలి. ప్రేరణ, ధైర్యం, సమయపాలన, ఇల్లు-ఉద్యోగం సమతుల్యం. చివర్లో, మెంటీ ఆత్మవిశ్వాసం పదికి ఎంతనుంచి ఎంతకి పెరిగిందో అంకె వెయ్యాలి. పాత అంకె కంటే తక్కువ వేస్తే పోర్టల్ ఒప్పుకోదు.

మొన్న రాత్రి పదకొండున్నరకి ఆ పిల్ల ఫోన్ చేసింది. నైట్ షిఫ్టు. ప్రేరణ గురించేమో అనుకున్నాను.

"మేడమ్, ఏమీ అనుకోకండి. ఇక్కడ లేడీస్ టాయ్‌లెట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పీపాలు పెట్టారు. మూడు నెలల నుంచి చెప్తున్నా. చూద్దాం అంటున్నారు."

"ఎన్ని పీపాలు?"

"ఏడు."

"కంట్రోల్ రూముకి ఎంత దూరం?"

"గోడ పక్కనే మేడమ్."

"కాగితం తీసుకో తల్లీ. టాయ్‌లెట్ అన్న మాట ఎక్కడా రాయకు. మహిళ అని కూడా వద్దు. కంట్రోల్ రూము గోడకి ఆనుకుని ఏడు పీపాల నూనె నిల్వ ఉన్నందున అగ్నిప్రమాదము సంభవించినచో బాధ్యత ఏ అధికారిదో తెలియజేయగలరు. కాపీ ఫైర్ ఆఫీసరుకి, ఇన్‌స్పెక్టరేటుకి. పెద్ద సారుకి వెయ్యకు, ఆయనకి వేస్తే పిలిచి ధైర్యం చెప్తారు."

పొద్దున్న ఎనిమిదికి మళ్ళీ ఫోన్. గొంతులో ఉత్సాహం పొంగుతోంది. పదికి పది వెయ్యొచ్చు.

"మేడమ్, కాగితం ఇచ్చిన గంటకే మనుషులొచ్చారు! పీపాలన్నీ తీసేశారు, ఫినాయిల్ వేసి కడిగించారు కూడా."

"శుభం. ఎక్కడ పెట్టారు వాటిని?"

"పక్కనే మేడమ్, మన మెంటరింగ్ సెల్‌లో. ఆ గది ఎవరూ తియ్యరు కదా అన్నారు."